వాటికన్ ముద్ర పడిన కార్డు

చీరాల,
నవంబరు 24

చిరంజీవి అమ్మడికి,

అమ్మ ఆశీర్వదించి రాయు ఉత్తరం. ఇక్కడ నేనూ మీ నాన్నగారూ క్షేమం. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరమేమిటని నువ్వు నవ్వుకుంటావని తెలుసు. కానీ ఫోన్‌లో నేను ఒక మాట మొదలుపెడితే నువ్వు మరో మాటతో దాన్ని దాటేస్తావు, నువ్వు మొదలుపెడితే నేనూ అదే చేస్తాను. అందుకే కాగితం తీసుకున్నాను.

నీ దగ్గరికి ఇటలీ వచ్చి మనిద్దరం తిరిగినప్పుడు, వాటికన్ నుంచి నేను మీ నాన్నగారికి వేసిన కార్డు నిన్న మధ్యాహ్నం వచ్చింది. మనం దాన్ని డబ్బాలో వేసిన నాటి నుంచి లెక్కపెడితే సరిగ్గా 26 రోజులు. నీకు గుర్తుందా, సెయింట్ పీటర్స్ చౌకులోని ఆ తపాలా కార్యాలయంలో బిళ్ల కొని అంటించాక, నువ్వు తొందరలో ఆ కార్డును బయట వీధిలో కనిపించిన ఎర్ర డబ్బాలో వేయబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. వాటికన్ 1929 నుంచి వేరే దేశం, దాని బిళ్ల దాని డబ్బాలోనే చెల్లుతుంది, ఎర్ర డబ్బా ఇటలీది. తపాలా శాఖలో 31 ఏళ్లు చేసిన దాన్ని, ఆ ఒక్క చోట మాత్రం నీకంటే నాకే ఎక్కువ తెలిసిందని లోపల ఎంత పొంగిపోయానో నీకు చెప్పలేదు.

మీ నాన్నగారు ముద్రను భూతద్దం పెట్టి చూసి, కార్డును బల్ల మీద గాజు కింద పెట్టుకున్నారు. సంతోషమే. చిక్కు ఏమిటంటే, అందులో నేను రాసిన మూడు వాక్యాలలో రెండు అబద్ధాలు. "నా మోకాలికి ఏ ఇబ్బందీ లేదు. అమ్మడి ఉద్యోగం బాగుంది. ఇక్కడ నీళ్లు చాలా బాగున్నాయి." నీళ్ల సంగతి ఒక్కటే నిజం. రోమ్ వీధుల్లో ముక్కులా వంగిన ఆ ఇనుప కుళాయిల కింద దోసిలి పట్టి తాగిన నీళ్ల రుచి నేను మరిచిపోలేను. మిగిలిన రెండింటి గురించే ఈ ఉత్తరం.

మొదట నీ సంగతి చెబుతాను. వెనిస్‌లో గదులు ఖరీదని నువ్వు మెస్త్రేలో గది తీసుకున్నావు కదా, ఆ రెండో రాత్రి నేను నిద్రపోలేదు. నువ్వు స్నానాల గదిలో తలుపు వేసుకుని నీ స్నేహితురాలితో మాట్లాడుతున్నావు. డిసెంబరుతో నీ కాంట్రాక్టు ముగుస్తుందనీ, మళ్లీ పొడిగించరని చెప్పేశారనీ, అమ్మ తిరిగి వెళ్లేదాకా ఈ మాట బయట పెట్టదలచుకోలేదనీ నువ్వు అనడం నాకు వినపడింది. చాటుగా వినాలని విన్నది కాదు, ఆ గోడలు అంత పలచన. నువ్వు వచ్చి పడుకున్నాక నేను అటు తిరిగి నిద్ర నటించాను.

మరునాడంతా నువ్వు ఏది కొన్నా నాకు మనసులో లెక్కే నడిచింది. కాలువల మీద తిరిగే ఆ పడవ బస్సుకు రోజంతా చెల్లే టికెట్టు, బూరానో దీవి, కాఫీ, బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికింతని వేసిన రుసుము. కూర్చున్నందుకు డబ్బులేమిటని నేను గొణిగితే నువ్వు నా పిసినారితనమని నవ్వావు. అది పిసినారితనం కాదు, భయం. రియాల్టో వంతెన పక్కన పెద్ద భవనం చూపించి, ఇది ఒకప్పుడు జర్మన్ వర్తకుల విడిది, తర్వాత చాలా ఏళ్లు వెనిస్ ప్రధాన తపాలా కార్యాలయం, ఆ తర్వాత ఖరీదైన దుకాణాలు పెట్టారని నువ్వు చెప్పినప్పుడు, ఇంత పెద్ద పోస్టాఫీసునే మూసేశారా అని నేను దిగులుగా అన్నాను. నేను పోస్టాఫీసు కోసం దిగులు పడుతున్నానని నువ్వు అనుకున్నావు.

కానీ ఆ రోజు పూర్తిగా దిగులుతోనే గడిచిందని మాత్రం అనుకోకు. మార్కో పోలో కుటుంబం ఇళ్లు ఉండేవని చెప్పే ఫలకం వెతుకుతూ ఆ ఇరుకు సందుల్లో మనం రెండుసార్లు దారి తప్పి, చివరికి ఆ చిన్న వాకిట్లోకి వచ్చి పడ్డాం చూడు, అక్కడ నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నువ్వు చిన్నప్పుడు మనం స్కూటరు మీద మోటుపల్లి వెళ్లేవాళ్లం. నీకు ఇసుక, సముద్రం తప్ప మరేమీ గుర్తుండకపోవచ్చు. ఓడ విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు లాక్కోడని గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించింది ఆ రేవులోనే. ఆ వెనిస్ సందుల్లో పెరిగిన పోలో 13వ శతాబ్దం చివరి రోజుల్లో ఆ రేవును ముత్ఫిలి అని పిలిచి, అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడు లాంటి సన్నని బట్టల గురించీ చెప్పాడు. సాలెగూడు లాంటి బట్ట అనగానే నాకు మా నాన్న మగ్గం గుర్తుకొచ్చింది. మీ తాతయ్య నేసిన బట్టను దీపానికి అడ్డం పెట్టి చూసేవాడు, నూలుపోగు ఒక్కటి తప్పినా కనిపించేది.

ఆ దేశాన్ని న్యాయంగా ఏలే రాణి ఉందని కూడా పోలో చెప్పాడు, కానీ ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురని బడిలో అందరం చదువుకున్నాం. కూతురు సింహాసనం మీద కూర్చుంటుందన్న ఊహ అతనికి రాలేదేమో, లేక రేవులో ఎవరైనా అలాగే చెప్పారేమో. నువ్వు అప్పుడు "చూశావా అమ్మా, కూతురంటే ఎవరూ నమ్మరు" అని నవ్వేశావు. ఆ నవ్వు రాత్రి గోడ అవతల విన్న గొంతుతో కలవలేదు. అప్పుడే అడగాల్సింది, అడగలేదు.

బూరానోలో సూదితో లేసు అల్లే ముసలావిడ దగ్గర నేను ముప్పావు గంట నిలబడ్డానని నువ్వు విసుక్కున్నావు. అక్కడ ఒక్కో ఆడమనిషి ఒక్కో రకం కుట్టే నేర్చుకుంటుందట, ఒక ముక్క పూర్తి కావాలంటే అది చేతులు మారుతూ పోవాలట. పడుగు ఒకరు, అచ్చు అతకడం ఒకరు, నేత ఒకరు అన్న ఇంట్లో పుట్టిన దాన్ని, నాకది వింతగా తోచలేదు. ఆ ముసలావిడ తల ఎత్తకుండానే నా వంక చూడడం మాత్రం వింతగా తోచింది. తన పనిని తెలిసిన మనిషి చూస్తున్నదని ఆమెకు ఎలా తెలిసిందో నాకు తెలియదు.

ఇక నా సంగతి. మోకాలు మిలాన్‌లోనే మొదలైంది. మెస్త్రే స్టేషన్ మెట్ల మీద ఇంకా పెరిగింది, వెనిస్ వంతెనల మీద రగిలింది. దూరపు ఊరనీ, వీల్‌చెయిర్ అంటావనీ, గదిలోనే కూర్చోబెడతావనీ చెప్పలేదు. అంతకంటే పెద్ద కారణం ఒకటుంది. నా మోకాలి మాట ఎత్తితే నువ్వు కూడా ఎక్కడికీ వెళ్లవు. నాలుగేళ్లుగా ఆ దేశంలో ఉండి, చదువు, పార్ట్‌టైము పని, ఉద్యోగం తప్ప నువ్వు ఫ్లోరెన్సు కూడా చూడలేదని మొదటి రోజే అన్నావు. అక్కడి పెద్ద చర్చి గుమ్మటం ఎక్కాలని నీకెంత ఉందో, నెల ముందే సమయం చూసి కొన్న టికెట్లలో నాకు కనిపించింది. 463 మెట్లు, లిఫ్టు లేదు. నాకు ఎత్తంటే భయమని చెప్పి నిన్ను ఒక్కదాన్నే పంపించాను. చీరాల వాటర్ ట్యాంకు ఎక్కి పతంగి తీసిన మీ అమ్మకు ఎత్తంటే భయమని నువ్వు ఎలా నమ్మావో!

నువ్వు పైకి వెళ్లిన ఆ రెండు గంటలు నేను ఎండలో ఒంటరిగా కూర్చుని కుమిలిపోయానని నువ్వు ఇప్పటికీ బాధపడుతున్నావు, నిన్న ఫోన్‌లో కూడా అన్నావు. ఆ లెక్క సరిదిద్దాలి. చౌకులో దక్షిణం వైపు, ఆ గుమ్మటం కట్టిన బ్రూనెల్లెస్కి విగ్రహం ఒకటుంది. కూర్చుని, ఒళ్లో పటం పెట్టుకుని, తల ఎత్తి గుమ్మటం వంక చూస్తూ ఉంటాడు. ఆయన కూర్చున్నాడు, నేనూ కూర్చున్నాను, ఇద్దరం పైకే చూశాం. 1420లో మొదలుపెట్టి 1436లో పూర్తి చేసేదాకా, కింద నుంచి కొయ్య ఆధారం నిలబెట్టకుండానే ఆ ఇటుకలు పేర్చారని పొద్దున్న నువ్వు చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. సున్నం ఆరకముందే వంపు మీది ఇటుక జారిపోదా? అక్కడ కూర్చుని నువ్వు ఇచ్చి వెళ్లిన చిన్న పుస్తకంలో బొమ్మ చూశాక తెలిసింది. అడ్డంగా పరిచిన ఇటుకల వరుసలో కొంత కొంత దూరానికి ఒక ఇటుకను నిలువుగా నిలబెట్టాడు, అవి చేపముల్లులా మెలితిరుగుతూ పైకి పోతాయి, అడ్డం ఇటుకలు జారకుండా నిలువువి పట్టి ఉంచుతాయి. పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకుంటే బట్ట నిలబడినట్టే. ఇంత సులువైన సంగతిని పుస్తకాలు ఎందుకంత కష్టం చేస్తాయో. నేను ఆ రెండు గంటలు బాధపడలేదు అమ్మడూ, ఆ ప్రయాణం మొత్తంలో నేను నా పాటికి నేను చూసి తెలుసుకున్నది అదొక్కటే.

నువ్వు దిగి వచ్చి నా కాలి వాపు చూశాక నడివీధిలో కోప్పడ్డావు. "చెప్పకపోతే నాకెలా తెలుస్తుందమ్మా? అన్నీ నేనే కనిపెట్టాలా?" అన్నావు. నువ్వు చెప్పావా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆ సాయంత్రం నది మీద బంగారు దుకాణాల వంతెన దాటుతుండగా, వాసన భరించలేక కసాయి కొట్లను పంపించేసి ఇక్కడ కంసాలులను ఉంచమని 1593లో ఉత్తర్వు వేశారని నువ్వు ఏమీ జరగనట్టే చెబుతూ నడిచావు, నేను కూడా గొలుసుల ధరలు చూస్తున్నట్టే నడిచాను. మనిద్దరం నటనలో ఒకరికొకరం తీసిపోం.

రోమ్ గురించి ఎక్కువ రాయను, అక్కడ జనం తప్ప నాకు మరేమీ సరిగా కనిపించలేదు. కానీ సెయింట్ పీటర్స్ గుడిలో, 1972లో ఎవరో సుత్తితో కొట్టాక అద్దం వెనక పెట్టిన, చనిపోయిన ఏసును ఒళ్లో పెట్టుకున్న ఆ పాలరాతి తల్లిని మాత్రం మరిచిపోను. చెక్కినప్పుడు మికెలాంజెలోకు నీకంటే తక్కువ వయసని చెప్పావు. అందరూ ఆమె ముఖం చూస్తున్నారు, నేను ఆమె ఒడి చూశాను. ఎదిగిన కొడుకు ఏ తల్లి ఒళ్లోనూ పట్టడు. అందుకని ఆ కుర్ర శిల్పి ఆమె మోకాళ్ల చుట్టూ కుచ్చెళ్లు కుచ్చెళ్లుగా బట్ట పరిచి ఒడిని వెడల్పు చేశాడు, ఆమె లేచి నిలబడితే ఎంత పొడుగుంటుందో ఎవరికీ తట్టకుండా. నా మోకాలు సలుపుతూ ఉంటే ఇలాంటివే కనిపిస్తాయేమో. బయటికి వచ్చి ఆ కార్డు రాసింది ఆ తర్వాతే.

నేపుల్స్‌లో నాకు ప్రాణం లేచి వచ్చింది. మేడల మధ్య తీగల మీద ఆరేసిన బట్టలు, ముగ్గురెక్కిన స్కూటర్లు, హారన్లు, వీధిలో అరిచి మాట్లాడుకునే ఆడవాళ్లు. జున్ను లేని, టమాటా వెల్లుల్లి పిజ్జా మీద నేను కందిపొడి చల్లుకుంటే నువ్వు సిగ్గుపడ్డావు గాని రెండో ముక్క నువ్వే చల్లుకున్నావు. పాంపేలో వీధి దాటడానికి వేసిన ఆ ఎత్తు రాళ్ల దగ్గర నువ్వు అడగకుండానే చెయ్యి ఇచ్చావు, నేనూ వద్దనలేదు.

నేపుల్స్ మ్యూజియంలో పాంపే లక్ష్మి అనే బొమ్మను చూడాలంటే పెద్దలకే తగిన బొమ్మలున్న గదిలోంచి వెళ్లాలని మనకెవరూ చెప్పకపోవడం మంచిదైంది. గోడల మీది బొమ్మలు చూడలేక నువ్వు పైకప్పు చూశావు, నేను నేల చూశాను. తీరా చూస్తే జానెడు దంతపు బొమ్మ, 1938లో పాంపే తవ్వకాల్లో దొరికింది. చేతిలో పద్మం లేదు, పక్కన ఏనుగులు లేవు, అలంకరణ సామాను పట్టుకున్న చిన్న చెలికత్తెలు ఇద్దరు. లక్ష్మి కాదు, యక్షి కావచ్చునని, అద్దానికి పిడి కావచ్చునని పండితులంటారని నువ్వు చదివి చెప్పావు. ఎవరైతేనేం, 79వ సంవత్సరంలో వెసూవియస్ బూడిద కురవక ముందే మన దేశం నుంచి అంత దూరం వెళ్లి, ఒక ఇంట్లో తన పని తాను చేసుకుంటూ ఉండిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న సోమవారం మోకాలికి ఎక్స్‌రే తీయించాను. అరుగుదల ఉంది, ఆపరేషను ఇప్పుడే అక్కర్లేదట, బరువు తగ్గమన్నారు, వ్యాయామాలు చెప్పారు. చేస్తున్నాను, మీ నాన్నగారు దగ్గరుండి లెక్కపెడుతున్నారు. ఇందులో దాచినదేమీ లేదు.

నీ కాంట్రాక్టు సంగతి నిన్న రాత్రి మీ నాన్నగారికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత లేచి వెళ్లి బీరువాలోంచి పత్రాలు తెచ్చారు. నీ పేరున ఉన్న కిసాన్ వికాస్ పత్రం ఫిబ్రవరిలో గడువు తీరుతుంది. నీ చదువు అప్పు వాయిదాలు జనవరి నుంచి మేం కడతాం, కొత్త పని దొరికాక నువ్వు అందుకోవచ్చు. తిరిగి వచ్చేయమని మేం అనడం లేదు, అక్కడే ఉండమనీ అనడం లేదు. పెళ్లి మాట కూడా ఎత్తను, మీ అత్తయ్య ఎత్తితే నేను సర్దిచెబుతాను.

ఈ ఉత్తరాన్ని రేపు పొద్దున్న స్పీడ్ పోస్టులో వేస్తాను, రశీదు నంబరు మీ నాన్నగారు వాట్సాప్‌లో పంపిస్తారు. అందిందని ఫోన్ చేసి ఊరుకుంటే ఒప్పుకోను. కాంట్రాక్టు సంగతీ, నీ చేతిలో ఎంత డబ్బుందన్న సంగతీ ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి తిరుగు టపాలో పంపించు. అక్కడి ఎర్ర డబ్బాకు రెండు కంతలుంటాయి, ఒకటి ఆ ఊరి వరకే. నువ్వు రెండో దాంట్లో వేయి.

ఆశీస్సులతో,
అమ్మ