బొమ్మ కింద తెలుగు చీటీ ఉండొద్దా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మా అమ్మను నగరంలోని ఒక ఆధునిక చిత్రకళా ప్రదర్శనశాలకు తీసుకెళ్లాను. అమ్మకు 72 ఏళ్లు. సిద్దిపేట దగ్గరి పల్లెలో పుట్టింది, పెళ్లయ్యాక నల్లకుంటకు వచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియం ఆమెకు కొట్టినపిండి. ఊరి నుంచి చుట్టాలెవరొచ్చినా గంటలు కొట్టే గడియారం ముందు కూర్చోబెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. ఈ కాలపు చిత్రకారుల బొమ్మలు చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

మొదటి గదిలోనే తోట వైకుంఠం బొమ్మ కనిపించింది. నల్లని నిగనిగలాడే మొహం, నుదుటి నిండా బొట్టు, అంచు చీర. అమ్మ దాని ముందు నుంచి కదల్లేదు. "మా చిన్నమ్మ గిట్లనే ఉండేది బిడ్డా, బొట్టు గింత పెట్టుకునేది" అని బొటనవేలు చూపించింది. తర్వాత పక్కనున్న చీటీ దగ్గరికి వంగి కళ్లజోడు సవరించుకుంది. కాసేపు చూసి, "ఎవరేసిన్రు?" అని నన్నడిగింది. చీటీ మొత్తం ఇంగ్లిష్‌లోనే ఉంది. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన మనిషి మన పల్లె ఆడవాళ్లను గీస్తే, ఆయన పేరు మా అమ్మకు నేను చదివి చెప్పాల్సి వచ్చింది. అమ్మ చదువు రానిది కాదు. మీ పత్రికను రోజూ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది, మా పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. అలాంటి మనిషి ఆ గదిలో చదువు రానిదానిలా నిలబడటం నాకు చాలా బాధనిపించింది.

తర్వాతి గదిలో చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగులు ఉన్నాయి. ఒకదాని కింద పెన్సిల్‌తో 7/25 అని రాసి ఉంది. అమ్మ అది తేదీ అనుకుంది. నాకూ తెలియదు. అక్కడే స్కెచ్‌బుక్ పట్టుకుని నిలబడ్డ ఒక ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని మా మాటలు విని దగ్గరికొచ్చింది. ఎచింగ్ చేసేందుకు లోహపు పలకకు మైనం లాంటి పూత పూస్తారని, సూదితో పూతను గీకుతూ బొమ్మ గీస్తారని, పలకను యాసిడ్‌లో ముంచితే గీత పడ్డచోటే అది లోహాన్ని తింటుందని చెప్పింది. ఆ గీతల్లోకి సిరా దిగేలా రుద్ది, తడి కాగితం పరిచి, ప్రెస్సు కింద ఒత్తితే బొమ్మ కాగితం మీదికి వస్తుందట. 7/25 అంటే మొత్తం 25 అచ్చులు తీస్తే ఇది ఏడోదని. "అయితే చీరల మీద అచ్చు గుద్దినట్టే గదా!" అంది అమ్మ. ఆ అమ్మాయి నవ్వి, అచ్చు విషయంలో నిజమేనమ్మా అంది. నిండా అయిదు నిమిషాలు పట్టలేదు. ఆ తర్వాత అమ్మ ప్రతి బొమ్మ కిందా అంకె వెతకడం మొదలుపెట్టింది.

మన దగ్గర బొమ్మ ఎప్పుడూ మూగగా లేదు. చేర్యాలలోని నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని ఊళ్లో విప్పి, ఒక్కో గడి చూపిస్తూ కథ పాడేవాళ్లు ఉండేవారు. వినేవాళ్లకు అక్షరం ముక్క రాకపోయినా కథంతా తెలిసేది. ఆ నకాషీ పద్ధతిని తన బొమ్మల్లోకి తెచ్చుకున్న చిత్రకారుడు కాపు రాజయ్యది సిద్దిపేటే. ఆ గడ్డ మీది మనిషికే ఇవాళ బొమ్మ సంగతి ఆమె భాషలో చెప్పేవాళ్లు లేకపోతే ఎలా?

కెఫే గురించి కూడా చెప్పాలి. గదుల్లో ఎక్కడా కూర్చోవడానికి బల్ల లేదు. మోకాళ్ల నొప్పితో అమ్మ బయటపడేసరికి కనిపించింది కెఫే ఒక్కటే. చెట్టు నీడన నాలుగు టేబుళ్లు, చల్లగా బాగుంది. అక్కడి మెనూ కూడా ఇంగ్లిష్‌లోనే. చాయ్ 160 రూపాయలు. మంచినీళ్లు కావాలంటే సీసా కొనాలి. అమ్మ సంచిలో తెచ్చుకున్న సర్వపిండి తీయబోతే, బయటి తిండి కుదరదన్నారు. ఒక్క చాయ్ తీసుకుని ఇద్దరం పంచుకున్నాం. అయినా అమ్మ నోరు విప్పి మాట్లాడింది అక్కడే. వాళ్ల చిన్నమ్మ గురించి, ఊళ్లో పటం కథ చెప్పడానికి వచ్చినవాళ్ల గురించి నేను ఏనాడూ వినని సంగతులు అరగంట చెప్పింది. బొమ్మలు చూసొచ్చినవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికే కదా కెఫే? ఉస్మానియా బిస్కెట్, మామూలు ధరకు ఒక ఇరానీ చాయ్ పెడితే ఈ ఊళ్లో ఎవరు కాదంటారు?

ఢిల్లీలో 1954లో, ముంబైలో 1996లో, బెంగళూరులో 2009లో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలు తెరిచారు. హైదరాబాద్‌కూ ఒకటి రావాలని నాకూ ఉంది. కానీ అది కేంద్రం తేల్చాల్సిన పెద్ద పని. నేను అడుగుతున్నవి రేపే చేయగలిగినవి. ప్రతి బొమ్మ కింద చిత్రకారుడి పేరు, ఊరు, బొమ్మ ఎలా తయారైందో రెండు ముక్కలు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయాలి. 2017 నుంచి ఉర్దూ ఈ రాష్ట్రానికి రెండో అధికార భాష. తెలుగుకు చట్టం అండ అంతకు ఎంతో ముందు నుంచే ఉంది. గదికొక బల్ల, తాగడానికి నీళ్ల కుళాయి పెట్టాలి. నగరంలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న పిల్లలున్నారు. ఆదివారాల్లో కొంత భత్యం ఇచ్చి వాళ్లను గదుల్లో నిలబెడితే, మాకు ఆ అమ్మాయి చెప్పినట్టు వచ్చినవాళ్లందరికీ చెబుతారు. సాంస్కృతిక శాఖ, ప్రదర్శనశాలల నిర్వాహకులు దీన్ని పట్టించుకోవాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

వచ్చే నెల మా పెద్దమ్మను కూడా తీసుకెళ్దామని అమ్మ అంటోంది. పెద్దమ్మకూ తెలుగు చదవడమే వచ్చు.

- ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్