80 గజాల కొట్టుకు అద్దాలెందుకు?

అయ్యా,

మీ పత్రికలో ప్లాన్ల పేజీ వచ్చినప్పుడల్లా చూస్తాను. అన్నీ పెద్ద స్థలాలవే. చిన్న కొట్టు కట్టుకునేవాడి సంగతి రాద్దామని ఈ ఉత్తరం.

మాది రాజమహేంద్రవరంలో పూజాసామాన్ల కొట్టు. 18 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు, అంటే సరిగ్గా 80 గజాలు. ఒకపక్క ఐదంతస్తుల బట్టల షోరూం, రెండోపక్క కోచింగ్ సెంటర్ ఉన్న కాంప్లెక్సు. నాన్నగారి నాటి పెంకుల కొట్టు పడగొట్టి కడదామంటే ఇంజినీరు ఇచ్చిన ఎలివేషన్‌లో నీలం అద్దాలు, ఏసీపీ షీట్లు (గోడకు తొడిగే అల్యూమినియం పలకలు), పైన ఎల్‌ఈడీ బోర్డు. అచ్చం పక్క బిల్డింగు పెట్టిన పిల్లలా ఉంది. పైగా మాది పడమర ముఖం. రోహిణి కార్తెలో ఆ అద్దాల వెనక కర్పూరం డబ్బాలోనే హరించుకుపోతుంది.

అప్పుడే పద్మనాభస్వామి దర్శనానికి తిరువనంతపురం వెళ్లాం. తంపానూరు బస్టాండు పక్కన, ఇటుక కట్టడాలకు పేరుపడ్డ ఆర్కిటెక్టు లారీ బేకర్ డిజైన్ చేసిన ఇండియన్ కాఫీ హౌస్‌లో టిఫిన్. ఇరుకు స్థలంలో ఎర్రగా, గుండ్రంగా ఉంటుంది. లోపల అంతస్తులు లేవు, నేలే చుట్టలు తిరుగుతూ పైకి పోతుంది, గోడ వెంటే బల్లలు. గోడలో వరసగా వదిలిన కంతల్లోంచి గాలీ వెలుతురూ. దోసె చల్లారిపోయేదాకా ఆ గోడ చూస్తూ కూర్చున్నానని మా ఆవిడ విసుక్కుంది.

ఇంటికి రాగానే ఇంజినీరు కాగితం పక్కన పెట్టాను. రోడ్డు నుంచి 4 అడుగులు వెనక్కి జరిగి కడప బండల అరుగు, పైన మంగుళూరు పెంకుల వసారా, మేడ ముందు సిమెంటు పూయని ఇటుక జాలీ, అంటే అలా కంతలు వదిలి కట్టిన గోడ. బోర్డు నడిచేవాళ్ల కంటికి అందే ఎత్తులో పెట్టించాను. "ప్లాస్టరింగ్ చేయకపోతే డబ్బుల్లేక ఆపేశారనుకుంటారండీ" అని మేస్త్రి ఒకటే గొడవ. కొట్టు తెరిచిన రోజున మా బావమరిది కూడా "రంగు ఎప్పుడేస్తావు బావా?" అనే అడిగాడు.

తప్పు కూడా చేశాను. మొదటి వానాకాలంలోనే పడమటి జల్లు జాలీలోంచి కొట్టి, మేడమీది కుంకుమ బస్తా తడిసి అరుగంతా ఎర్రగా కారింది. ఆ తర్వాతే లోపలివైపు తలుపులు బిగించాం. పావురాలు దూరకుండా మెష్ వేరే ఖర్చు.

ఇప్పుడు పక్క ఐదంతస్తులకు పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు ఫోన్‌లో చెప్పుకునే గుర్తు "ఎర్రిటుకల కొట్టు పక్కన". నీడకని అరుగెక్కిన ముసలమ్మలు ఊరికే దిగరు, ఓ అగరొత్తుల కట్టయినా కొంటారు. ఒక్కటే బాధ, నేను వదిలిన ఆ నాలుగడుగుల్లో పక్కవాళ్ల బళ్లు పెడుతున్నారు. వాళ్ల సెల్లారు గోడౌనైపోయింది మరి.

విల్లాల ప్లాన్లు వేయండి, వద్దనను. నెలకోసారి 80, 100 గజాల కొట్టు ప్లాను కూడా ఒకటి వేయండి. జాలీకి లోపల తలుపులుండాలని అందులో మరిచిపోకుండా రాయండి.

ఒక పూజాసామాన్ల వ్యాపారి,
రాజమహేంద్రవరం