ప్రాసెసర్ అమ్మకంపై ఫిర్యాదు

బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: హోమ్ థియేటర్ ప్రాసెసర్, పవర్ యాంప్లిఫయర్ వాపసు గురించి.

అయ్యా,

ఇంగ్లీషులో రెండు మెయిళ్ళు పెట్టాను. రెంటికీ అక్షరం మారకుండా ఒకటే జవాబు వచ్చింది. మీ విశాఖపట్నం షోరూంలో సరుకు అమ్మింది తెలుగులోనే కాబట్టి ఈసారి తెలుగులోనే రాస్తున్నాను.

ఫైలిన్ తుఫాను తర్వాత మేడ మీద వేయించుకున్న గదిలో నాకో 7 ఛానెళ్ళ రిసీవర్ ఉండేది. రూ.48,000 పెట్టి కొన్నది. సినిమా శబ్దాన్ని ఏ స్పీకర్‌కు ఎంతో పంచే ప్రాసెసర్, స్పీకర్లను మోగించే యాంప్లిఫయర్ రెండూ ఆ ఒక్క పెట్టెలోనే ఉంటాయి. పోయిన దీపావళికి మీ సేల్స్ కుర్రాడు ఆ రిసీవర్‌ను చులకన చేసి, విడి ప్రాసెసర్‌కీ దానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా అన్నాడు. రూ.3,40,000 కట్టాను. ప్రాసెసర్‌లో యాంప్లిఫయర్ ఉండదని పెట్టె విప్పాక తెలిసింది! ఫోన్ చేస్తే "అది వేరే కొనాలి సార్, అందరికీ తెలిసిందే" అన్నాడు. దానికి మరో రూ.2,10,000.

షోరూంలో తేడా వినబడిన మాట నిజమే. రిసీవర్‌ను అరలో పెట్టే చిన్న స్పీకర్లకు, ప్రాసెసర్‌ను నిలువెత్తు టవర్ స్పీకర్లకు తగిలించి వినిపించారు. పైగా రెండోదానికి వాల్యూమ్ పెంచారు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవికి అదే బాగుందనిపిస్తుంది. ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలీదు.

ఇంట్లో మా బావమరిది పరదా చాటున వైర్లు మారుస్తూ, రెండింటికీ శబ్దం మీటరుతో సమం చేసి 12 సార్లు వినిపించాడు. ఏది ఏదో 7 సార్లు సరిగ్గా చెప్పాను. రూపాయి బిళ్ళ ఎగరేసినా ఇంచుమించు అంతే వచ్చేది.

నా స్పీకర్లు 1 వాట్‌కు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇస్తాయి. కుర్చీ 9 అడుగుల్లో ఉంది. మామూలుగా సినిమా చూసేటప్పుడు ఎక్కువసేపు రెండు మూడు వాట్లు కూడా ఖర్చవవు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. రిసీవర్ మీద రాసే 100 వాట్లు రెండు ఛానెళ్ళు మోగేటప్పటి లెక్క అనీ, ఏడూ ఒకేసారి మోగితే తగ్గుతాయనీ మీవాడన్నది అబద్ధం కాదు. పెద్ద హాలైనా, కరెంటు ఎక్కువ లాగే 4 ఓమ్‌ల స్పీకర్లైనా వేరే యాంప్లిఫయర్ అక్కరకొస్తుంది. నాది 14 అడుగుల గది. అందులో 40 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా లోతైన శబ్దాల దగ్గర, బేస్ గుమ్మంటుంది. ఆ గుమ్ము మీ ప్రాసెసర్‌తోనూ పోలేదు. బేస్ మోగించే స్పీకర్‌ను, అదే సబ్‌వూఫర్‌ను, మూల నుంచి జరిపాక చాలావరకు తగ్గింది. దానికి పైసా ఖర్చు కాలేదు.

ఇవన్నీ నా చెవుల పొరపాటే అనుకుందాం. సెట్‌టాప్ బాక్స్ నుంచి బ్లూరేకు మార్చిన ప్రతిసారీ 5 సెకన్లు శబ్దం పోతోంది. పాత రిసీవర్‌తో, అదే కేబుల్‌తో ఈ గొడవ లేదు. విశాఖ సర్వీసు సెంటర్‌కు చెబితే "ఒడిశా మా పరిధి కాదు" అన్నారు. భువనేశ్వర్‌కు చెబితే "బిల్లు ఆంధ్రాది, అక్కడే అడగండి" అన్నారు. ఇక్కడ మా తెలుగువాళ్ళకు ఇదేం కొత్త కాదు గానీ, వారంటీ కార్డు మీద ఆంధ్రా సరిహద్దు ఊరు ఇచ్ఛాపురం దాటితే చెల్లదని ఎక్కడా రాయలేదు.

15 రోజుల్లో రెండు పెట్టెలూ మీ ఖర్చుతో తీసుకెళ్ళి రూ.5,50,000 తిరిగివ్వండి. స్పీకర్లు మార్చి వినిపించిన ఆ ప్రదర్శన గురించి లిఖితపూర్వకంగా జవాబు కూడా కావాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్ళోనే వేయాలన్న నియమం లేదు, నేనుండే చోటే వేయొచ్చు.

బిల్లులు, వారంటీ కార్డు నకళ్ళు జతపరిచాను. పాత రిసీవర్ మళ్ళీ బిగించుకున్నాను, కాబట్టి మీ మనిషి ఎప్పుడొచ్చినా పెట్టెలు సిద్ధంగా ఉంటాయి.

ఇట్లు,
మీ వినియోగదారుడు