పాత సైకిల్‌కి కొత్త లైట్లు: మా పని పద్ధతి మారుతోంది

షాపుకి వచ్చే అందరికీ నమస్కారం.

పాత సైకిళ్లకి ఎల్‌ఈడీ లైట్లు పెట్టించుకునే వాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. సంతోషమే. కానీ పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లే పద్ధతి ఇక కుదరదండి. ఈ పనికి సైకిల్‌ని రెండు రోజులు మా దగ్గర వదిలి వెళ్లాలి. కొన్ని పనులైతే అసలు ఒప్పుకోవడం లేదు. కారణాలు కింద రాశాను. చదివాక కూడా కోపం తగ్గకపోతే షాపుకొచ్చి తిట్టండి, వింటాం.

ముందుగా ఒప్పుకోని పని గురించి. పాత హెడ్‌లైట్ డూమ్ అలాగే ఉంచి, లోపలి బల్బు తీసేసి ఆ సైజు ఎల్‌ఈడీ బల్బు బిగించమని అడుగుతారు. సైకిల్ రూపం చెడదు, ఖర్చూ తక్కువ, కాబట్టి ఆ కోరిక అర్థమవుతుంది. చిక్కేమిటంటే, ఆ డూమ్‌లోని రిఫ్లెక్టర్‌ని ఫిలమెంట్ బల్బు కోసం చేశారు. సన్నటి తీగ సరిగ్గా తన చోట వెలిగితేనే రిఫ్లెక్టర్ ఆ వెలుగుని పోగుచేసి రోడ్డు మీదికి పంపుతుంది. ఎల్‌ఈడీ బల్బులో వెలిగే ముక్క ఆ చోట ఉండదు, వెలుగూ అన్ని వైపులకీ సమానంగా రాదు. షాపులో గోడ మీద వేసి చూస్తే తెల్లగా ధగధగలాడుతుంది. చీకట్లో రోడ్డెక్కితే ముందున్న గుంత కనిపించదు, ఎదురుగా వచ్చే వాళ్ల కళ్లలో మాత్రం పొడుస్తుంది. అలాంటి లైటు పెట్టి డబ్బులు తీసుకోవడం మాకిష్టం లేదు.

రెండోది, బైకు లైటో ఎలక్ట్రిక్ సైకిల్ లైటో కొని తెచ్చి "దీన్ని డైనమోకి కలిపెయ్యండి" అనడం. టైరుకి ఆనుకుని తిరిగే డైనమో మీద సాధారణంగా 6 వోల్టులు, 3 వాట్లు అని రాసి ఉంటుంది. అందులో 2.4 వాట్లు ముందు లైటుకి, 0.6 వెనక లైటుకి. అది చూసి బ్యాటరీలాగే నిలకడగా 6 వోల్టులు ఇస్తుందనుకుంటారు. ఇవ్వదు. దాన్నుంచి వచ్చేది ఏసీ కరెంటు, అంటే దిశ మారుతూ ఉండేది; బ్యాటరీది ఒకే దిశలో పోయే డీసీ. వేగం అందుకున్నాక అది రమారమి అర ఆంపియర్ కరెంటుని నెట్టాలనే చూస్తుంది. లోడు, అంటే ఆ కరెంటుని వాడుకునే బల్బు, లేకపోతే వోల్టేజీ వేగంతో పాటు ఎగబాకుతుంది. పాత సైకిళ్లలో వెనక బల్బు మాడిపోతే కాసేపటికే ముందు బల్బు కూడా పోయేది గుర్తుందా? కారణం ఇదే. వెనక బల్బుకి పోవాల్సిన కరెంటు కూడా ముందు బల్బు మీదే పడేది. అందుకే డైనమో కోసమే చేసిన ఎల్‌ఈడీ లైటు కావాలి. ఏసీని డీసీగా మార్చే సర్క్యూటు, వోల్టేజీ ఎక్కువైతే తట్టుకునే ఏర్పాటు అందులోనే ఉంటాయి. వీటిలో చాలావాటికి కరెంటుని కాసేపు దాచుకునే కెపాసిటర్ ఉంటుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగినా కొన్ని నిమిషాలు వెలుగుతూనే ఉంటాయి. ఆ ఒక్క సుఖం కోసమైనా మార్చుకోవచ్చని నా అభిప్రాయం.

ఇక రెండు రోజులు ఎందుకంటారా? ఎక్కువ సమయం వైరింగే తినేస్తుంది. పాత సైకిళ్లలో డైనమో నుంచి లైటుకి ఒక్క వైరే వెళ్తుంది. కరెంటు తిరిగొచ్చే దారి ఫ్రేమే. డైనమో క్లాంపు మీద మొన తేలిన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, చూసే ఉంటారు. అది పెయింటుని చీల్చుకుని లోపలి ఇనుముకి తగలాలి. మా దగ్గరికొచ్చే సైకిళ్లలో ఆ స్క్రూ విప్పితే మొన చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతుంది. లేదంటే ముచ్చటపడి మళ్లీ వేయించిన పెయింటు మందంగా ఉండి, మొన ఇనుము దాకా దిగి ఉండదు. సైకిల్ నిలబెట్టి చక్రం తిప్పితే లైటు చక్కగా వెలుగుతుంది. రోడ్డు మీద గతుకులొస్తే మిణుకుమిణుకుమంటుంది. లైటు చెడిపోయిందని వెనక్కి తెస్తారు. లైటుకి ఏ రోగమూ ఉండదు.

కాబట్టి ఇప్పుడు ఫ్రేముని నమ్ముకోకుండా ముందు, వెనక లైట్లు రెండింటికీ జంట వైరు లాగుతున్నాం. డైనమో దగ్గర పెయింటు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, తుప్పు పట్టకుండా గ్రీజు రాసి బిగిస్తున్నాం. ఇందులో ఒక మెలిక ఉంది. డైనమోలో ఒక కొస ఎలాగూ దాని ఒంటికే కలిసి ఉంటుంది. లైటు ఒళ్లు కూడా ఫ్రేముకి కలిసే రకమైతే, రెండు వైర్లూ తారుమారయ్యాయంటే ఫ్రేము గుండా షార్ట్ అవుతుంది, లైటు వెలగదు. ఇంట్లో మీరే బిగించుకుని "కొత్త లైటు డెడ్" అని బెంగపడే ముందు ఆ వైర్లు ఒకసారి అటూ ఇటూ మార్చి చూడండి. దానికి మా దగ్గరికి రానక్కర్లేదు.

డైనమోనే టైరు మీద సరిగా కూర్చోకపోతే ఎంత మంచి లైటు పెట్టినా దండగ. డైనమో నడిమధ్యగా నిలువు గీత ఊహించుకుని కిందికి పొడిగిస్తే చక్రం ఇరుసు మధ్యలోకి వెళ్లాలి. వంకరగా ఉంటే తొక్కడం బరువవుతుంది, టైరు పక్కలు అరుగుతాయి, వానలో జారుతుంది. ఇది సరిచేయడం చిన్న పనే, ఊరికే చేసిపెడతాం.

కొందరి సైకిళ్లలో స్టర్మీ ఆర్చర్ కంపెనీ డైనోహబ్ ఉంటుంది, అంటే చక్రం హబ్బులోనే డైనమో. మీ దగ్గర అదుంటే అదృష్టవంతులు. అందులో జీహెచ్6 రకం ఇచ్చేది 1.8 వాట్లే. ఫిలమెంట్ బల్బుతో అది నీరసంగానే వెలుగుతుంది, మంచి ఎల్‌ఈడీ పెడితే మాత్రం రాత్రి రోడ్డుకి సరిపోతుంది. ఒక్క మనవి: శుభ్రం చేద్దామని దాన్ని ఇంట్లో విప్పకండి. అయస్కాంతం రింగు నుంచి లోపలి తీగచుట్టని ఉత్త చేతుల్తో బయటికి లాగితే అయస్కాంతం బలం పోతుంది. ఇనుప రింగు అడ్డం పెడుతూ తీయాలి. ఇంతకుముందే ఎవరైనా విప్పి ఉంటే దాచకుండా చెప్పండి, మా సమయం కలిసొస్తుంది.

బిగించే చోటు గురించి కూడా కాస్త పేచీ వస్తోంది. రాడ్ బ్రేకుల సైకిళ్లలో హ్యాండిల్ కింద రాడ్లు అడ్డొస్తాయని లైటుని తలకిందులుగా వేలాడదీయమంటున్నారు. ఇప్పటి మంచి లైట్లలో వెలుగు పైకి పోకుండా అడ్డంగా కోసేసి ఉంటుంది. తిరగేస్తే ఆ కోత కిందికి పోయి, వెలుగంతా జనం మొహాల మీదికి వెళ్తుంది. హెడ్ దగ్గర పాత దీపం తగిలించే పట్టీ ఉంటే దానికే బిగిస్తాం, లేకపోతే వేరే పట్టీ చేయిస్తాం. ఫోర్కుకి గానీ ఫ్రేముకి గానీ రంధ్రం వేయం. బతిమాలినా వేయం. బిగించాక గోడకి 5 మీటర్ల దూరంలో సైకిల్ నిలబెట్టి, వెలుగు నడిమి భాగం లైటు ఎత్తులో సగానికి పడేలా సర్దుతాం. లైటు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే గోడ మీద 40 దగ్గర పడాలి, అంటే రోడ్డు మీద 10 మీటర్ల దూరంలో. చీకటి పడితే గానీ ఇది కుదరదు. సాయంత్రం డెలివరీ ఇవ్వలేకపోవడానికి ఇదీ ఒక కారణం.

వ్యాపారానికి నష్టమైనా ఒక మాట చెప్పాలి. వీధి దీపాలున్న రోడ్ల మీద అప్పుడప్పుడూ తొక్కే వాళ్లకి ఇదంతా అవసరం లేదు. ఛార్జింగ్ లైట్లు ముందొకటి, వెనకొకటి తగిలించుకుంటే చాలు. వైర్ల గోల ఉండదు, సైకిల్ పాత రూపమూ చెదరదు. ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయే వాళ్లు, రోజూ చీకట్లో తొక్కే వాళ్లు మాత్రం డైనమో లైటే పెట్టించుకోండి.

ఇంకొకటి. ఒక సరఫరాదారు దగ్గర తీసుకున్న వెనక లైట్లలో వైరు దూరే రంధ్రం గుండా నీళ్లు దిగుతున్నాయి. ఎన్నిసార్లు చెప్పినా అతను పట్టించుకోలేదు, ఆ సరుకు ఆపేశాం. క్యారియర్‌కి బిగించే గుండ్రటి రకం అది. మా దగ్గర పెట్టించుకున్న వాళ్లు లైటు వెలుగుతున్నా సరే ఒకసారి తీసుకురండి. లోపల చెమ్మ కనిపిస్తే డబ్బుల్లేకుండా వేరేది వేస్తాం.

సైకిల్ తెచ్చేటప్పుడు ముందు బుట్ట తగిలిస్తారో లేదో చెప్పండి. బుట్ట లైటుకి అడ్డొచ్చేలా ఉంటే లైటు చోటు ముందే మార్చాలి. విప్పిన పాత డూమ్, బల్బులు, వైర్లు అన్నీ సంచిలో వేసి మీకే తిరిగిస్తాం.