కెమెరా మార్చాలా అన్న మీ ప్రశ్నకు

నాన్నగారికి నమస్కారములు.

మీ ఉత్తరం చేరింది. పోయినసారి నేను సముద్రంలోకి డైవ్ చేసి, నీటి అడుగున తీసి పంపిన ఫొటోలను చూసి, "చేపలన్నిటినీ నీలిమందు తొట్టిలో ముంచి తీసినట్టున్నావు, ఆ పాత కెమెరాను పక్కన పెట్టి మంచిది కొనుక్కోరాదా" అని మీరు రాసిన వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. నిజానికి ఆ కోరిక ఏడాదిగా నా మనసులోనూ మెదులుతూనే ఉంది. మీ మాటతో దానికి బలం వచ్చి, మూడు వారాల పాటు సాయంత్రాలన్నీ కొత్త కెమెరాల వివరాలు చదవడంలోనే గడిపాను. చివరికి డబ్బు తీసింది మాత్రం కెమెరాకు కాదు, దీపానికి. ఆ లెక్క మీకు అప్పజెబుతున్నాను, పొరపాట్లుంటే దిద్దండి.

ముందు ఆ నీలం సంగతి. నీరు వెలుగులోని రంగులన్నిటినీ ఒకే తీరుగా సాగనివ్వదు. అన్నిటికంటే ముందు హరించుకుపోయేది ఎరుపు. ఐదారు మీటర్ల లోతుకే చాలావరకు మాయమవుతుంది. దాని వెనుక నారింజ, ఆ తరువాత పసుపు పోగా, ఆకుపచ్చ, నీలం మిగులుతాయి. నేను ఇంతకాలం పట్టించుకోని విషయం ఇంకొకటుంది: లోతు ఒక్కటే కాదు, చేపకూ కెమెరాకూ మధ్య ఉన్న నీరు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. 12 మీటర్ల లోతులో 2 మీటర్ల దూరం నుంచి ఫొటో తీస్తే, ఆ వెలుగు దాదాపు 14 మీటర్ల నీటిని దాటి కెమెరాను చేరినట్టే. పైగా మాస్కు అద్దంలోంచి చూసినప్పుడు వస్తువు అసలు దూరంలో ముప్పాతిక దూరంలోనే ఉన్నట్టు అనిపిస్తుంది కాబట్టి, దగ్గరికి వెళ్ళాననుకుని దూరం నుంచే తీస్తూ వచ్చాను.

పోయిన నెలలో ఒకనాడు ఇది కళ్ళారా చూశాను. రాతి అంచున బూడిదరంగు ముద్దలాంటి స్పాంజి, అంటే రాతిని అంటుకుని బతికే సముద్రజీవి, ఒకటుంటే, దాని మీద బొటనవేలి గోరంత నుడిబ్రాంక్, అంటే గుల్ల లేని సముద్రపు నత్త, పాకుతోంది. నాతో దిగిన మిత్రుడు తన టార్చిని దాని మీదికి తిప్పాడు. ఆ వెలుగు పడినంత మేరకు స్పాంజి పండు మిరపకాయలా ఎర్రబడింది. నత్త వీపు మీద నారింజ చుక్కలు లేచాయి. టార్చి పక్కకు జరగగానే మళ్ళీ అంతా బూడిద. ఎంత ఖరీదైన కెమెరా అయినా అక్కడికి చేరని ఎరుపును ఎక్కడినుంచి తెస్తుంది? వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెలుపుగా కనబడేలా రంగులను సర్దే అమరిక, సరిచేస్తే కొంత మెరుగుపడుతుంది, రా ఫైలుగా, అంటే కెమెరా తనంతట తాను దిద్దని ఫొటోగా, తీసుకుంటే తరువాత దిద్దుకునే వీలు ఇంకొంత ఉంటుంది. కాని పూర్తిగా పోయిన రంగును ఆ దిద్దుబాట్లేవీ వెనక్కి తేలేవు.

ఇక కెమెరాల విషయం. నా దగ్గరున్నది 2017లో వచ్చిన ఒలింపస్ టఫ్ టీజీ-5. దాని తరువాత 2019లో టీజీ-6, 2023లో టీజీ-7 వచ్చాయి. మూడింటిలోనూ వెలుగును ఫొటోగా పట్టే అదే 12 మెగాపిక్సెళ్ళ చిన్న సెన్సార్, అదే ఎఫ్ 2.0 లెన్సు, హౌసింగ్ (నీరు చొరకుండా కెమెరాను మూసి ఉంచే గట్టి పెట్టె) లేకుండా నీటిలో అదే 15 మీటర్ల హద్దు. తెర మెరుగైంది, ఛార్జింగు సులువైంది. వీటి కోసం కొత్తది కొనడం నాకు సబబనిపించలేదు. నన్ను నిజంగా ఊరించింది సోనీ ఆర్‌ఎక్స్100 వరుస. దాని ఒక అంగుళం సెన్సార్ వైశాల్యం నా కెమెరా సెన్సార్‌కు నాలుగు రెట్లు ఉంటుంది కాబట్టి, మసక వెలుగులో ఫొటోకు గరుకుదనం తక్కువ. మునిగిన ఓడలను, పెద్ద చేపల గుంపులను తీసేవారైతే దానికే మొగ్గాలి. నాకేమో గోరంత ప్రాణుల మీద మోజు. మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్సుకు 1 సెంటీమీటరు దూరంలోని వస్తువును కూడా స్పష్టంగా పట్టే నా పాత కెమెరా ఆ పనికి ఏమాత్రం తీసిపోదు.

ఇంకొక కారణం రాస్తే మీరు చీవాట్లు పెడతారని తెలిసీ రాస్తున్నాను. నా కెమెరా హౌసింగ్ 45 మీటర్ల లోతు వరకు తట్టుకునేది. రెండు నెలల క్రితం తెల్లవారుజామున తొందరలో దాన్ని మూసేటప్పుడు మూత సందులోంచి నీరు రాకుండా ఆపే రబ్బరు వలయం, అదే ఓ-రింగ్, మీద ఒక తలవెంట్రుక ఉండిపోయింది. 12 మీటర్ల దగ్గర చూస్తే హౌసింగ్ లోపల అడుగున నాలుగు నీటి చుక్కలు దొర్లుతున్నాయి. గుండె ఝల్లుమన్నా పైకి పరుగెత్తడానికి వీల్లేదు, వేగంగా లేస్తే ఒంటికి ప్రమాదం. నెమ్మదిగా లేచి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలూ చుక్కలు ఐదు, ఆరు, ఏడు కావడం చూస్తూ ఆగాను. ఒడ్డుకు వచ్చి తెరిస్తే కెమెరా తడిసింది గాని చెడిపోలేదు, ఎందుకంటే అది స్వతహాగానే 15 మీటర్ల వరకు నీటిని ఆపగలదు. హౌసింగ్ మొదటి తలుపైతే, కెమెరా ఒళ్ళే రెండో తలుపు. ఆర్‌ఎక్స్100కు ఆ రెండో తలుపు లేదు. హౌసింగ్‌లోకి ఉప్పునీరు చేరితే దాని పని అంతటితో సరి. వెంట్రుకను చూసుకోని నా చేతిలో అంతటి వస్తువును ఇప్పుడే పెట్టడం నాకు ధైర్యం చాలని పని. పైగా హౌసింగ్‌లను ఏ కెమెరా కొలతకు ఆ కెమెరాకే చేస్తారు గనుక, కెమెరా మారిస్తే హౌసింగ్ కూడా మళ్ళీ కొనాలి. మొదట వేసుకున్న లెక్కలో దీన్ని మరిచాను.

అందుచేత ఒక స్ట్రోబ్ ఫ్లాష్ (కెమెరాకు విడిగా, నీటిలో మెరిసే ఫ్లాష్ దీపం), దాన్ని పక్కకు చాచి పట్టే చెయ్యి, కెమెరా ఫ్లాష్ మెరుపును దానికి అందించే ఫైబర్ ఆప్టిక్ తీగ తెప్పిస్తున్నాను. కెమెరాలోనే ఫ్లాష్ ఉంది కదా అని మీరు అడగవచ్చు. అది లెన్సుకు మరీ దగ్గరగా ఉండటం వల్ల నీటిలో తేలే నలుసులన్నీ వెలిగి, ఫొటో నిండా తెల్లని చుక్కలు పడతాయి. బాగా దగ్గర నుంచి తీసేటప్పుడైతే హౌసింగ్ ముక్కు నీడ అడ్డుపడుతుంది. వెలుగు పక్కనుంచి వస్తే ఈ రెండు బాధలూ చాలావరకు తప్పుతాయి. మీరు పంపమన్న వీడియోల సంగతి మాత్రం దీనితో తేలదు. వాటికి ఆగకుండా వెలిగే దీపం కావాలి, అది తరువాత చూద్దాం.

మసకబారిన ఫొటోలలో సగానికి నేనే కారణమని కూడా ఒప్పుకోవాలి. కదలకుండా తేలడం ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. మోకాలు ఇసుకకు తగిలి, నేనే రేపిన మడ్డిలోంచి నేనే ఫొటో తీసిన సందర్భాలున్నాయి.

స్ట్రోబ్ వచ్చే వారం చేరుతుంది. హౌసింగ్‌కు కొత్త ఓ-రింగ్ వేసి, సిలికోన్ గ్రీజు పలుచగా రాసి ఉంచాను. మొదటిసారి మాత్రం కెమెరా లేకుండా, లోపల మడిచిన కాగితపు రుమాలు ఒక్కటే పెట్టి దాన్ని కిందికి తీసుకువెళతాను. రుమాలు పొడిగా పైకి వస్తే, రెండో డైవ్‌లో ఆ స్పాంజి దగ్గరికే.

ఇట్లు,
మీ చిన్నవాడు