నిమ్మచెక్క చిట్కాలు ఇక అచ్చువేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, పత్రికల మహిళా పేజీల్లో నిమ్మకాయ చిట్కాలు మొదలవుతాయి. సగం చెక్క మీద పంచదార చల్లి ముఖానికి రుద్దుకోండి, ఎండకు వచ్చిన నలుపు విరుగుతుంది అంటారు. మా పొదలకూరు వైపు నిమ్మకాయ కొనుక్కోవాల్సిన వస్తువు కాదు, కాబట్టి ఇక్కడ అలాంటి చిట్కా చదివిన పూటే అమల్లోకి వస్తుంది. మా ఇంట్లోనూ అలాగే వచ్చింది.

పోయిన వేసవిలో మా అన్న కూతురు, ఇంటర్ చదివే పిల్ల, పొద్దున్నే ముఖానికీ మెడకూ నిమ్మచెక్క రుద్దుకుంది. పావుగంట ఆరనివ్వాలని చిట్కాలో ఉందట. మేడ మీద ఎండలో నిలబడి ఆరబెట్టుకుంది. తర్వాత పైపైన నీళ్లు చల్లుకుని స్కూటీ మీద నెల్లూరు వెళ్లి మధ్యాహ్నం దాకా బజారులో తిరిగింది. ఆ రాత్రి ఏమీ లేదు. మర్నాడు సాయంత్రానికి చెంపలు ఎర్రబడి మంట మొదలైంది. మూడో రోజుకు బొబ్బలు. ముంజేతుల మీద రసం కారిన దారి కూడా వాత పెట్టినట్టు చారలు తేలింది. ఎవరో ఏదో పోశారని ఊళ్లో గుసగుసలు బయల్దేరితే మా వదిన ఇంట్లోంచి బయటికి రాలేకపోయింది. బొబ్బలు రెండు వారాల్లో మానాయి కానీ నల్లమచ్చలు దసరా దాకా పోలేదు. నలుపు పోవాలని రాసుకున్న పిల్ల అన్నాళ్లూ ముఖానికి చున్నీ చుట్టుకుని కాలేజీకి వెళ్లింది.

చర్మవ్యాధుల డాక్టరు ఆ చారలు చూడగానే అడిగిన మొదటి మాట, "నిమ్మకాయ పిండావా అమ్మా?" అని. ఇది ఎలర్జీ కాదు, ఎవరికైనా రావచ్చు. నిమ్మతొక్కలో సోరాలెన్, బర్గాప్టెన్ అనే పదార్థాలుంటాయి. రసంలో కన్నా తొక్కలో ఇవి ఎక్కువ. చెక్కను గట్టిగా రుద్దితే తొక్కలోని నూనె కూడా చర్మానికి పడుతుంది. చీకట్లో వీటితో బాధ లేదు. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు, ముఖ్యంగా 320 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి, తగిలినప్పుడు మాత్రం ఇవి చర్మకణాల డీఎన్‌ఏకు అతుక్కుపోయి కణాలను చంపుతాయి. మంట వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే చాలామంది నిమ్మకాయను అనుమానించరు, అంతకు ముందు రోజు తిన్న తిండిని తిట్టుకుంటారు. పురుగుల నుంచి తనను కాపాడుకోవడానికి చెట్టు తయారుచేసుకున్న విషమిది. మన ముఖాల కోసం చేసుకున్నది కాదు.

ఈ గుణం మన పెద్దలకు తెలియనిదేమీ కాదు. బొల్లికి బావంచాల గింజలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టేవారు. ఆ గింజల్లో ఉన్నదీ సోరాలెనే. ఇప్పటి ఆసుపత్రుల్లో అదే జాతి మందిచ్చి, లైటు కింద ఎంతసేపు ఉంచాలో లెక్కగట్టి మరీ ఉంచుతారు. మేడ మీద ఆ లెక్క ఎవరు చూస్తారు?

మొక్కల్లో ఎండ దెబ్బకు అడ్డుపడే పదార్థాలు లేవని నేననడం లేదు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినదాన్ని, వాటి మీద నాకు ఎంతో ఇష్టం. రోజంతా ఎండలో నిలబడే ఆకు, పైపొరలో ఫ్లేవనాయిడ్లు నింపుకుని లోపలి కణాలను కాచుకుంటుంది. గ్రీన్ టీలోని పాలీఫినాల్స్ ముందుగా పూసిన చోట, కృత్రిమ ఎండ తగిలినా చర్మం తక్కువగా ఎర్రబడుతుందని మనుషుల మీదే పరీక్షించి చూశారు. పసుపులోని కర్‌క్యుమిన్‌కు వాపును తగ్గించే గుణం ఉంది. పసుపుతో గాయాలు మాన్పడం తమ కొత్త విద్య అని అమెరికాలో తీసుకున్న పేటెంటును మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించినప్పుడు మా పిల్లలకు ఒక పీరియడంతా ఆ కథే చెప్పాను. 2001లో జర్మనీ పరిశోధకులు ప్రకటించిన ప్రయోగంలో, రోజూ 40 గ్రాముల టమాటా ముద్దను ఆలివ్ నూనెతో పది వారాలు తిన్నవారి చర్మం అతినీలలోహిత కాంతికి ఎర్రబడటం 40 శాతం దాకా తగ్గింది. టమాటాను ఉడికించి, నూనె తోడుచేస్తే అందులోని లైకోపీన్ ఒంటికి బాగా పడుతుంది. మన టమాటా పచ్చడి చేసే పద్ధతీ అదే కదా.

కానీ దానికి పది వారాలు పట్టింది, అదీ పాక్షికమే. ఎస్‌పీఎఫ్ 30 అని రాసి ఉన్న సన్‌స్క్రీన్ క్రీము సరిగ్గా రాసుకుంటే చర్మాన్ని కమిలించే యూవీ-బీ కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది. అది కొనలేనివారికి గొడుగుంది, పొడుగు చేతుల చొక్కా ఉంది, తలకు చుట్టుకునే తువ్వాలుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇవి మాని ముఖానికి నిమ్మచెక్క పులమమని చెప్పడం పిల్లలకు ద్రోహం.

మీ పత్రికనూ, మిగతా పత్రికలనూ కోరేది ఒక్కటే. నిమ్మచెక్క ముఖానికి రుద్దే చిట్కా ఇక వేయకండి. ఇంతవరకు వేసినవారు అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో ఈ ప్రమాదం గురించి రాయండి. నిమ్మకాయ ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని ఎండలోకి వెళ్లాలని, బొబ్బలు వస్తే చిదమకుండా, మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము తెచ్చుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలని అందులో ఉండాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా తోటలో కాయ కోసే ఆడవాళ్ల ముంజేతుల మీద నల్లచారలు ఏళ్ల తరబడి చూశాను. ముళ్లు గీరుకున్నాయని అనుకునేదాన్ని. సైన్సు చెప్పిన నాకే తట్టలేదంటే ఇప్పటికీ బాధేస్తుంది. మేనకోడలి సంగతి తర్వాత బావి దగ్గర సబ్బు పెట్టాం, పొడుగు చేతుల చొక్కాలు ఇచ్చాం, కాయలు ఏరే పని చింతచెట్టు నీడకు మార్చాం. పెద్ద ఖర్చేమీ కాలేదు. జిల్లాలో నిమ్మ తూకాలు జరిగే ప్రతిచోటా సబ్బూ, కొళాయీ, నీడా ఉండేలా మార్కెట్ కమిటీలు ఈ వేసవి కాపు దిగేలోపే చూడాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా