నౌపడ లైనుకూ రాయ్‌పూర్ లైనుకూ 2031లో నూరేళ్లు: స్టాంపు వెయ్యమని కేంద్ర సహాయ మంత్రికి బహిరంగ లేఖ

డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,
కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి, న్యూఢిల్లీ.

అయ్యా, నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో మందుల షాపు నడుపుకుంటున్నవాణ్ణి. రైలు బొమ్మలున్న తపాలా స్టాంపులు పోగుచెయ్యడం నాకున్న వ్యసనం. తపాలా చూసే శాఖలో తెలుగు చదివే మంత్రి ఉన్నారు కాబట్టి ఈ విన్నపం తెలుగులోనే రాస్తున్నాను. అడగబోయేది ముందే చెప్పేస్తాను. మా ప్రాంతం నుంచి బయల్దేరే రెండు రైలు మార్గాలు చివరిదాకా పూర్తయి 2031కి నూరేళ్లు నిండుతాయి. వాటి మీద స్టాంపు రావాలి. రావాలంటే ఫైలు ఇప్పుడే కదలాలి.

మొదటిది విజయనగరం–రాయ్‌పూర్ లైను. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908–09లోనే రైలు వచ్చింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు ఒక కొమ్మ వేశారు. రైలుబస్సు తిరిగిన లైనని చెబితే ఇక్కడివాళ్లు ఇట్టే గుర్తుపడతారు. పార్వతీపురంలో ఆగిన పట్టాలు కొండలు దాటి రాయ్‌పూర్ దాకా కలిసేసరికి 1931 అయింది. అప్పటికి విశాఖలో రేవు కడుతున్నారు, 1933లో ప్రారంభించారు. మధ్య పరగణాల (ఇప్పటి ఛత్తీస్‌గఢ్ వైపు) సరుకు సముద్రానికి దిగాలంటే ఈ దారే దగ్గర దారి. రేవు కోసం వేసిన లైను, రేవు కంటే రెండేళ్లు ముందే సిద్ధమైంది. ఈ రోజుల్లో ఏ ప్రాజెక్టు గురించైనా ఆ మాట అనగలమా చెప్పండి.

రెండోది మా ఊరి రైలు. హౌరా–మద్రాసు మెయిన్ లైను తన రాజధానికి పాతిక మైళ్ల దూరంలోంచి పోతోందని చూసి, పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి సొంత డబ్బుతో నౌపడ నుంచి తన ఊరికి పట్టాలు వేయించాడు. అయిన ఖర్చు ఏడు లక్షల రూపాయలు. 1900 ఏప్రిల్ 1న బండి కదిలింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి. తర్వాత 1929లో కొంత, 1931లో మిగతాది వేసి గుణుపురం దాకా పొడిగించారు. 2004 జూన్‌లో ఆ చిన్న రైలు ఆగిపోయింది. బ్రాడ్‌గేజి బండి 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి చేరింది. పాత ఇంజన్లలో కొన్నింటిని ఒడిశాలో రంగులేసి ప్రదర్శనకు నిలబెట్టారు. ఆ లైను మొదలయ్యే నౌపడలో మాత్రం దిగిన ప్రయాణికుడికి ఈ కథ చెప్పే దిక్కు నాకు కనబడలేదు.

స్టాంపులకూ రైళ్లకూ ఉన్న చుట్టరికం మీ శాఖ అధికారులకు నేను చెప్పాల్సింది కాదు గానీ, మీ దాకా వచ్చి ఉండకపోవచ్చు. ప్రపంచంలో మొట్టమొదటి స్మారక స్టాంపుగా చాలామంది లెక్కపెట్టేది 1871లో పెరూ దేశం వేసినదాన్ని. దక్షిణ అమెరికాలో తొలి రైలు మార్గాల్లో ఒకటైన లీమా లైనుకు ఇరవయ్యేళ్లయిన గుర్తుగా వేశారు. దాని మీద బొమ్మ ఆవిరి ఇంజను. అంటే స్మారక స్టాంపు అనే ఆలోచనే రైలెక్కి వచ్చిందన్నమాట. మన దేశంలో 1937 నాటి ఆరో జార్జి వరుసలో టపా ఎలా ప్రయాణిస్తుందో వరసగా చూపించారు: టపా మోసుకుని పరిగెత్తే మనిషి, ఎడ్లబండి, టాంగా, ఒంటె, ఆ తర్వాత నాలుగు అణాల స్టాంపు మీద మెయిలు బండి. స్వతంత్రం వచ్చాక 1953 ఏప్రిల్ 16న, బోరీబందరు నుంచి ఠాణాకు తొలి రైలు నడిచి నూరేళ్లయిన రోజున, రెండణాల స్టాంపు వేశారు. 1853 నాటి ఇంజనూ 1953 నాటి ఇంజనూ దాని మీద ఉంటాయి.

ఇక 1976 నాటి నాలుగు స్టాంపుల జట్టు. ఇది లేని రైలు ఆల్బం మాకు ఆల్బమే కాదు. పాతిక పైసల మీద డీజిల్, యాభై పైసల మీద 1895 నాటి ఎఫ్ తరగతి ఇంజను, రూపాయి మీద డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజను, రెండు రూపాయల మీద జి.ఐ.పి. (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే వారి ఒకటో నంబరు ఇంజను. మా తరం వాళ్లం రూపాయి స్టాంపు దగ్గరే ఆగిపోతాం. హౌరా–మద్రాసు లైను మీద మేం చిన్నప్పుడు చూసినవి ఆ గుండ్రటి ముక్కు ఇంజన్లే. ఆ ముక్కు మీది నక్షత్రాన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

1987లో ఆగ్నేయ రైల్వే శతాబ్దికి నాలుగు స్టాంపులు వచ్చాయి. అప్పట్లో మా లైన్లన్నీ ఆ రైల్వే కిందే ఉండేవి, 2003లో తూర్పు కోస్తా రైల్వే కిందికి వచ్చాయి. 1993లో కొండ రైళ్లు నాలుగు: డార్జిలింగ్, నీలగిరి, మాథేరాన్, కాల్కా–సిమ్లా. 2002లో నూటయాభై ఏళ్ల గుర్తు. 2009లో హౌరా, చెన్నై సెంట్రల్, ముంబయి సీఎస్టీ, పాత ఢిల్లీ స్టేషన్లు. అన్నీ ముచ్చటైనవే, అన్నీ నా దగ్గర ఉన్నాయి. కానీ వరసగా పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది. మహానగరాల స్టేషన్లూ, వేసవిలో షికారుకు వెళ్లే కొండలూ స్టాంపులకెక్కినంత తేలిగ్గా ఉప్పు, వరి, మాంగనీసు మోసిన పల్లపు లైన్లు ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో నాకు తోచింది చెబుతాను. ఈ లేఖ మీకే రాయడానికి కారణం కూడా అదే. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు రైల్వే డివిజన్‌ను రెండుగా చేసింది. దక్షిణ కోస్తా జోన్ కింద విశాఖ డివిజన్, తూర్పు కోస్తా కింద రాయగడ డివిజన్. విశాఖకు జోన్ కావాలని ఎన్నేళ్లుగానో అడిగినవాళ్లం, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టను. అయితే గీత ఎక్కడ పడిందో చూడండి. విజయనగరం నుంచి రాష్ట్ర సరిహద్దు దగ్గరి కూనేరు దాకా ఇటు, కూనేరు దాటితే అటు. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఇటు, అక్కణ్ణుంచి గుణుపురం దాకా అటు. నూరేళ్ల పండగ చేసుకోవాల్సిన రెండు లైన్లనూ సరిగ్గా ఆ గీతే కోసింది. తపాలా లెక్కలో చూస్తే ఒక లైను ఆంధ్రప్రదేశ్, ఒడిశా సర్కిళ్లలో, ఇంకొకటి ఆ రెండింటితోపాటు ఛత్తీస్‌గఢ్ సర్కిల్లోనూ పడుతుంది. ఇలాంటప్పుడు ప్రతిపాదన ఎవరు పంపాలి? విజయవాడ సర్కిల్ ఆఫీసువాళ్లు ఇది ఒడిశా రాజుగారి రైలంటారు, భువనేశ్వర్ వాళ్లు మొదలు మీ జిల్లాలో ఉంది కదా అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఉమ్మడి గోడకు సున్నం వెయ్యనట్టే ఉంటుంది. దీన్ని తన పనిగా పట్టించుకోగలిగింది ఢిల్లీలో మీ శాఖ ఒక్కటే.

స్మారక స్టాంపు ప్రతిపాదన దేశంలో ఏ పౌరుడైనా పంపవచ్చు. కనీసం రెండేళ్ల ముందు అందాలి. ఫిలాటెలిక్ అడ్వైజరీ కమిటీ (స్టాంపుల సలహా సంఘం) దాన్ని పరిశీలించాలి. నిర్ణీత ఫారం నింపి పంపడం నాకు కష్టమేం కాదు, పంపుతున్నాను కూడా. చిక్కల్లా ఆధారాల దగ్గరే. ఏ సెక్షను ఏ రోజున తెరిచారో రైల్వే కాగితం మీద ముద్రతో రావాలి. మెడికల్ షాపువాడు వెళ్లి అడిగితే రికార్డు గది తలుపు తియ్యరు, మంత్రి కార్యాలయం నుంచి రైల్వే బోర్డుకు ఒక ఉత్తరం వెళితే తీస్తారు. 2029 దాకా టైముంది కదా అని ఎవరైనా మీతో అంటే, రైల్వే జోన్లు, మూడు తపాలా సర్కిళ్లు, ఒక బోర్డు మధ్య ఒక కాగితం తిరగడానికి ఎంతకాలం పడుతుందో వాళ్లనే అడగండి.

డిజైను సంగతి కళాకారులు చూసుకుంటారు గానీ, నా ఆశ ఒకటుంది. రెండు స్టాంపులు పక్కపక్కన అతుక్కుని ఉండే జత వెయ్యాలి, సె-టెనెంట్ అంటామే, అది. ఒకదాని మీద నౌపడ ఉప్పు మడుల పక్కన చిన్న గేజి ఇంజను, రెండోదాని మీద కొండల్లో మలుపు తిరుగుతున్న గూడ్సు బండి. విడుదల సభ దయచేసి విశాఖలో పెద్ద హోటల్లో పెట్టకండి. ఒకే రోజున విజయనగరం, నౌపడ, గుణుపురం, రాయ్‌పూర్‌లలో మొదటిరోజు కవర్ల మీద ముద్రలు పడితే చాలు, దేశం నలుమూలల నుంచీ సేకరించేవాళ్లు మా ప్లాట్‌ఫారాల మీద దిగుతారు. శ్రీకాకుళం వచ్చేవాళ్లకు మాత్రం, టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉన్నా దిగేది ఆమదాలవలసలో అని ముందే చెప్పాలి.

సేకరించేవాళ్లు ఇక్కడ ఎక్కడున్నారని మీ అధికారులు అడగవచ్చు. ఉన్నాం. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ లోకో పైలట్‌కు స్టాంపుల కంటే ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీసు) ముద్రలంటే పిచ్చి. నడిచే రైల్లో ఉత్తరాలు వేరుచేసేటప్పుడు కొట్టిన ముద్రలవి. ఏ సెక్షనో, ఏ సెట్టో (సిబ్బంది జట్టో) ముద్రలోనే ఉంటుంది. సిరా అలుక్కుపోయిన పాత కవరొకటి దొరికితే కొత్త స్టాంపుల షీటు కంటే ఎక్కువ పెట్టి కొంటాడు. పాతపట్నంలో ఒకావిడ రైలు స్టాంపులతోపాటు చిన్న రైలు అట్ట టికెట్లు కూడా దాచింది. పెళ్లిళ్లలోనో ఆసుపత్రుల్లోనో కలిసినా మా మాటలు స్టాంపుల పైసల విలువ మీదికీ వాటి పళ్ల అంచుల మీదికీ పోతాయి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి.

మమ్మల్ని నిజంగా ఏడిపించేది కౌంటరు. మా చుట్టుపక్కల ఒక పోస్టాఫీసులో కొత్త స్మారక స్టాంపులేమొచ్చాయని అడిగితే ‘అవి ఇక్కడికి రావండీ’ అన్నారు. స్మారక స్టాంపులు ఒక్కసారే అచ్చువేస్తారు, అయిపోతే మళ్లీ వెయ్యరు. అలాంటప్పుడు జిల్లాకు చేరనిది మాకు ఎప్పటికీ చేరనట్టే. 200 రూపాయలతో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా తెరిస్తే ఇంటికే పంపుతారు కదా అంటారు. నాకు ఖాతా ఉంది. కానీ స్టాంపు మీద రైలు చూసి ‘ఇదేం ఇంజను అంకుల్’ అని అడగాల్సిన పిల్లాడికి ఖాతా ఉండదు కదా. వాడు కౌంటర్లో చూడాలి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయలిచ్చే స్పర్శ్ స్కాలర్‌షిప్ పథకం 2017 నుంచి ఉంది. బడిలో ఫిలాటెలీ క్లబ్బులో సభ్యత్వమో, సొంత ఖాతానో ఉంటేనే అర్హత. కంటికి స్టాంపే కనిపించని ఊళ్లో క్లబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంకొక బాధ. కష్టపడి మంచి స్టాంపులు అంటించి కవరు పంపుకుంటే, గుండ్రటి ముద్ర వెయ్యకుండా బాల్‌పెన్నుతో అడ్డంగా గీత కొట్టేస్తారు. గీత పడ్డ స్టాంపు ఆల్బంలోకి రాదు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. తపాలా ఖర్చుకూ వేగానికీ అది మంచిదే కావచ్చు. మాకు మాత్రం తేదీ ముద్రలతో దాచుకునే ఒక రకం కవరు చరిత్రలో కలిసిపోయింది. దాని గురించి ఇంతకంటే పేచీ పెట్టను. ముద్ర వెయ్యమని ఒక సర్క్యులర్ ఇప్పించండి, చాలు.

2031 దాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది, ఖర్చు కూడా లేనట్టే. శాశ్వత చిత్ర ముద్ర అని మీ శాఖలోనే ఉంది. ఆ ఊరి విశేషం బొమ్మగా చెక్కిన క్యాన్సిలేషన్, ఆ పోస్టాఫీసులో ఎవరు అడిగినా వేస్తారు. నౌపడ పోస్టాఫీసుకు చిన్న రైలు బొమ్మతో అలాంటి ముద్ర ఒకటి మంజూరు చెయ్యండి. దీనికి ఒడిశాతో పేచీ లేదు, రైల్వే బోర్డు సంతకం అక్కర్లేదు. స్టాంపు వచ్చేలోగా ఆ ముద్ర కోసం ఎన్ని కవర్లు నౌపడకు వస్తాయో లెక్కపెట్టించండి. రేపు కమిటీ ముందు పెట్టడానికి మీకు అంకెలూ దొరుకుతాయి.

డిజైనుకు పాత ఫొటోలు, టికెట్లు, టైంటేబుళ్లు కావలసివస్తే మా దగ్గరున్నవాటి ప్రతులు ఉచితంగా ఇస్తాం. అసలువి అడిగితే మాత్రం ఇవ్వం, చూపిస్తాం. టెక్కలి వస్తే షాపు పొద్దున ఎనిమిదికి తెరుస్తాను, ఆల్బం కౌంటరు కిందే ఉంటుంది.

ఇట్లు,
ఒక రైలు స్టాంపుల సేకర్త,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.